భోజనం తర్వాతి పిరియడ్

ఇవ్వాళ తొమ్మిదో తరగతికి నా పిరియడ్ మధ్యాహ్న భోజనం కాగానే పడ్డది. అన్నం, పప్పు, గుడ్డు తిని వచ్చిన పిల్లలకు 'తేలియాడే వస్తువులు' పాఠం చెప్పాలి. పైన ఫ్యాను గాలికి కళ్లు మూతలు పడకేం చేస్తాయి? 'ఇటు చూడండ్రా' అని బల్ల చరిస్తే రెండు నిమిషాలు చూస్తారు, అంతే. అరిచి తెప్పించుకున్న శ్రద్ధ నాకెప్పుడూ అక్కరకు రాలేదు.

అందుకే పొద్దున్నే వంట అక్కనడిగి ఒక పచ్చిగుడ్డు పక్కన పెట్టించాను. బీకరులో నీళ్లు పోసి, గుడ్డు చేత్తో పట్టుకుని 'మునుగుతుందా, తేలుతుందా?' అన్నాను. మునుగుతుందనేవాళ్లు గోడ వైపు, తేలుతుందనేవాళ్లు కిటికీ వైపు నిలబడాలి. మధ్యలో ఉండేందుకు లేదు. లేచి నడవడంతోనే సగం మత్తు వదులుతుంది, మిగతాది పంతం వదిలిస్తుంది. ఒక పక్షం చేరాక ఏమైందో చూడకుండా ఎవరుంటారు?

మునిగింది. గోడ వైపు ఈలలు. ఇక ఉప్పు. ఎన్ని చెంచాలకు లేస్తుందో ముందే నోట్సులో రాయించి, ఒక్కో చెంచా వేసి కలుపుతుంటే క్లాసంతా లెక్కపెట్టింది. గుడ్డు ఒక్కసారిగా పైకి రాదు. లోపల గాలి ఉండే వెడల్పు కొస ముందు లేస్తుంది, సన్నకొస మీద నిటారుగా నిలబడుతుంది, ఆ తర్వాత అడుగు వదులుతుంది. "లేసిందిరో!" అన్న కేకకు పక్క క్లాసు సారు తొంగిచూశారు.

ఒక అమ్మాయి మాత్రం బెంచీ మీద తల పెట్టుకునే ఉంది. పత్తి ఏరే రోజులు, పొద్దున చేనుకు పోయి వచ్చింది. లేపలేదు. ఇలాంటి పిల్లలకు 'శ్రద్ధ లేదు' అని రాసేవాళ్లను చూస్తే నాకు మంట.

అప్పుడు వెనక నుంచి ఒకడు, "సార్, రామప్ప గుడి ఇటుక ఉత్త నీళ్లల్లనే తేలుతదంటరు గదా, మరి అండ్లేమున్నది?" అన్నాడు. జవాబు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను కూడా ఓపిక పట్టరనీ, కనీసం 3 సెకన్లు ఆగితే ఎక్కువమంది, ఇంకా వివరంగా మాట్లాడతారనీ అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే తేల్చింది. ఆ 3 సెకన్లు నోరు మూసుకోవడం మా వృత్తిలో అన్నిటికన్నా కష్టం. ఆగాను. "లోపల బొక్కలున్నయేమో సార్" అని కిటికీ వైపు నుంచి వచ్చింది. అదే. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, శిఖరం బరువు తగ్గాలని ఇటుకను అట్లా గుల్లగా కాల్చారు. సాంద్రత నీటికన్నా తక్కువ, కాబట్టి తేలుతుంది. బోర్డు మీద సూత్రం రాస్తుంటే ఈసారి ఎవరూ 'ఇంపార్టెంటా సార్' అని అడగలేదు.

గంట కొట్టాక ఒక మేస్త్రీ కొడుకు వచ్చి, "మా నాయన కట్టే ఇంట్ల తెల్ల ఇటుకలు మస్తు అల్కగుంటయ్ సార్, రేపు ఓ ముక్క తెస్త" అన్నాడు. బూడిద కలిపి చేసే ఆ బ్లాకుల నిండా గాలి గదులే, నీళ్లలో వేస్తే తేలుతుంది. వాడికి చెప్పలేదు. బీకరులో పట్టదు గానీ, రేపటికి బకెట్ ఒకటి చూడాలి.