ముసురులో కంప్రెసర్ ఆయిల్

విశాఖలో ముసురు పట్టిన వారం మా స్క్రూ కంప్రెసర్ (రెండు మరలాంటి రోటర్ల మధ్య గాలిని నొక్కే మెషిన్) సైట్ గ్లాసులో, అంటే లోపలి ఆయిల్ కనిపించే గాజు కిటికీలో, ఆయిల్ పాలలా తెల్లబడింది. అందరూ ఆయిల్ కల్తీ అనుకున్నారు. నా అనుమానం మాత్రం టెంపరేచర్ మీదే. ఇంత తేమ ఉన్న గాలిని 7 బార్ ఒత్తిడికి నొక్కితే దాదాపు 70 డిగ్రీల దగ్గరే నీరు విడిపోతుంది. లోడ్ తక్కువై మా మెషిన్ 65 దాటడం లేదు. ఆ నీళ్లన్నీ ఆయిల్‌లోకే! రోటర్ల సందు మూసేదీ, వేడిని లాగేసేదీ, బేరింగులను కాపాడేదీ ఆ ఆయిలే కదా, చాలా టెన్షన్ పడ్డాను. విప్పి చూస్తే, ఆయిల్ వేడెక్కేదాకా కూలర్‌కు పోకుండా ఆపాల్సిన థర్మల్ వాల్వ్ తెరుచుకునే బిగుసుకుపోయి ఉంది, ఆయిల్ ఎప్పుడూ కూలర్‌లోంచే తిరుగుతోంది. వాల్వ్ మార్చి, పాత ఆయిల్ మొత్తం దించి కొత్త వీజీ 46 గ్రేడ్ ఆయిల్ పోశాం. ఇప్పుడు 80 పైనే నడుస్తోంది. బేరింగులు బాగానే ఉన్నాయి, ఎంత సంతోషమో! పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు ఆయిల్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు కూడా వదిలేస్తున్నాం.