పాపిడి ఫొటోలు

స్టాఫ్ రూమ్‌లో నా వెనక కుర్చీలో కూర్చునే తెలుగు టీచర్ ఒకరోజు మెల్లగా అడిగింది, "నడినెత్తి మీద జుట్టు బాగా పలచబడినట్టుందండీ, ఒంట్లో బాగుంటోందా?" అని. సాయంత్రం ఇంటికి రాగానే కిటికీ దగ్గర కూర్చుని మా అమ్మాయి చేత పాపిడి ఫొటో తీయించుకున్నాను. చూసుకుని చాలాసేపు మాట్లాడలేకపోయాను. అది 2021 డిసెంబరు. అప్పటికి రెండేళ్లుగా జుట్టు ఊడుతూనే ఉంది.

మొదలైంది డెంగీతో. జ్వరం తగ్గిన మూడు నెలలకు దువ్వెన నిండా వెంట్రుకలు. పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను కాబట్టి కారణం నాకు తెలుసు. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివి జరిగినప్పుడు పెరుగుతూ ఉండాల్సిన వెంట్రుకలు చాలా వరకు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. రెండు మూడు నెలలకు అన్నీ కలిసి రాలతాయి. మామూలుగా ఆర్నెల్లలో తగ్గుముఖం పడుతుంది. నాకు తగ్గలేదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండాల్సింది.

వెళ్లలేదు. అత్తయ్య గుంటగలగరాకు, మందారాకు వేసి కొబ్బరినూనె కాచి ఇచ్చారు. ప్రతి ఆదివారం ఆవిడే తలకి పట్టించేవారు. ఆ నూనెని నేను ఇప్పటికీ మానలేదు, తల హాయిగా ఉంటుంది. కానీ నా ఒంట్లో ఇనుము తక్కువని తర్వాత తెలిసింది. ఆ లేని ఇనుమును నూనె ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ తర్వాత ఉల్లిపాయ రసం, ఆర్నెల్లపాటు బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు. తిరుమలలో తలనీలాలిస్తే ఒత్తుగా వస్తుందని కొందరన్నారు. మొక్కు సంగతి వేరు, అది స్వామికీ మనకీ మధ్య ఉన్నది. కత్తి మాత్రం చర్మం పైనున్న వెంట్రుకనే కోస్తుంది, లోపలి కుదురును తాకదు.

చివరికి గుంటూరులో ఒక క్లినిక్‌కి వెళ్తే, ఒక్క రక్తపరీక్ష కూడా చేయించకుండా పీఆర్‌పీ ప్యాకేజీ రాశారు. మన రక్తమే తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి తలలోకి ఎక్కిస్తారు. అది కొందరికి పనిచేస్తుంది, కాదనను. కానీ జబ్బేమిటో చూడకుండా నలభై ఎనిమిది వేలు అడగడం తప్పు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

తర్వాత చూపించుకున్న చర్మవైద్యురాలు జుట్టు కంటే ముందు నెలసరి గురించి అడిగారు. ఎన్ని రోజులు, ఎంత ఎక్కువ, గడ్డలు పడతాయా అని. రక్తం ఎక్కువ పోతే దాంతోపాటు ఇనుమూ పోతుంది కదా. బయోటిన్ వాడుతున్నానంటే ముందు అది ఆపమని, కొన్ని రోజులాగి థైరాయిడ్ పరీక్ష చేయించమని చెప్పారు. బయోటిన్ వల్ల ఆ పరీక్ష ఫలితం తప్పుగా రావచ్చట. థైరాయిడ్ బాగానే ఉంది. ఫెరిటిన్, అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము, 9 ఉంది, చాలా తక్కువ. హిమోగ్లోబిన్ 10.8, అదీ తక్కువే. చిన్న భూతద్దం లాంటి పరికరంతో పాపిడి చూపిస్తే, లావు వెంట్రుకల పక్కనే నూలుపోగుల్లాంటి సన్నవి కనిపించాయి. వంశంలో వచ్చే పలచబడటం అది. మా అమ్మ సవరం లేకుండా జడ వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

అంటే నావి రెండు జబ్బులు. ఇనుము మాత్రలు ఒకదానికి, మినాక్సిడిల్ రెండోదానికి. ఇనుము మాత్ర నిమ్మరసంతో వేసుకునేదాన్ని. దాని దరిదాపుల్లో టీ గానీ కాల్షియం మాత్ర గానీ ఉండకూడదు. నెలసరికి గైనకాలజిస్టు వైద్యం విడిగా జరిగింది. మినాక్సిడిల్ అసలు బీపీ మందు. వాడినవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకి రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో మగవాళ్ల బట్టతలకి అనుమతి వచ్చింది. బట్టతలకి వాడే మరో మందు ఫినాస్టరైడ్ గురించి అడిగితే, అది ముఖ్యంగా మగవాళ్లకిచ్చేదని, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదని చెప్పారు.

నాలుగో వారంలో జుట్టు ఇంకా ఎక్కువ ఊడింది. ఏడుపొచ్చింది. పాత వెంట్రుకను కొత్తది తోస్తుందని డాక్టరు ముందే చెప్పి ఉండకపోతే సీసా ఆ రోజే పారేసేదాన్ని. ప్రతి నెలా ఒకటో తారీఖున అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఫొటో తీసుకున్నాను. ఐదో నెల దాకా తేడా లేదు. ఏడో నెలలో పాపిడి వెడల్పు తగ్గింది. పూర్వపు జుట్టు రాలేదు, రాదు కూడా. మందు ఆపితే వచ్చింది కూడా కొన్ని నెలల్లో పోతుంది. అందుకే రోజూ రాస్తున్నాను. రాశాక చేతులు కడుక్కుంటాను, దిండు గలీబు తరచూ మారుస్తాను. మినాక్సిడిల్ పిల్లులకు విషం, మా పిల్లేమో నా పక్కనే పడుకుంటుంది.

మా ఆడపడుచు కాన్పయి నాలుగు నెలలైంది. మొన్న ఫోన్ చేసి, "వదినా, జుట్టంతా ఊడిపోతోంది, ఏ నూనె రాయను?" అంది. కాన్పు తర్వాత ఊడటం మామూలే, చాలామందికి ఏడాది తిరిగేలోపు దానంతటదే వస్తుందని చెప్పాను. రక్తం మాత్రం చూపించుకోమన్నాను, నెలకో ఫొటో తీసి ఉంచుకోమన్నాను. నిన్న మొదటి ఫొటో పంపింది. కిటికీ దగ్గర కూర్చునే తీయించుకుంది.