గోటికీ ఒక దేవదూత

క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో, లోపలి జ్ఞానమే విముక్తినిస్తుందని నమ్మిన గ్నోస్టిక్కులు దేహాన్ని అసహ్యించుకున్నారని ఒక్క వాక్యంలో తేల్చేసే పుస్తకాలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. (ఆ పేరుకు మన ‘నాస్తిక’ శబ్దంతో ఏ బంధుత్వమూ లేదు, గ్రీకు ‘గ్నోసిస్’, మన ‘జ్ఞానం’ ఒకే ప్రాచీన ధాతువు సంతానం.) 1945 డిసెంబరులో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర ఒక మట్టి జాడీలో బయటపడిన 13 కాప్టిక్ (ప్రాచీన ఈజిప్టు క్రైస్తవుల భాష) సంపుటాలను అనువాదంలోనైనా నిదానంగా చదివితే, ఆ వాక్యం ఎంత కురచదో తెలుస్తుంది.

వాటిలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ‘యోహాను రహస్య గ్రంథం’. దాని పెద్ద పాఠాంతరంలో ఆదాము శరీరాన్ని నిర్మించినవారు, తానే దేవుడినని భ్రమపడిన యాల్దబయోత్ కొలువులోని 365 మంది దేవదూతలు. కుడికన్ను చేసినవాడు ఒకడు, ఎడమకన్ను చేసినవాడు మరొకడు, చేతిగోళ్ళు చేసినవాడు ఇంకొకడు. ఇంతమంది చెమటోడ్చినా ఆ శరీరం నేల మీది నుండి లేవలేదు. చివరికి యాల్దబయోత్ మోసపోయి, తన తల్లి, దివ్యజ్ఞాన రూపిణి అయిన సోఫియా నుండి తనకు సంక్రమించిన శక్తిని దాని ముఖంలోకి ఊదినప్పుడు మాత్రమే అది కదిలింది, వెలిగింది. ఆదాము తమను మించిపోయాడని ఓర్వలేని ఆ అధిపతులు మట్టి, నీరు, నిప్పు, గాలి కలిపి ఇంకొక శరీరం చేసి అతణ్ణి అందులో బంధించారు. గ్రంథం దాన్ని సమాధి అనీ, మరపు సంకెల అనీ అంటుంది. దేహాన్ని తోలుతిత్తి అనే తత్వాలు వింటూ పెరిగిన మనకు ఇది తెలిసిన మాటలాగే తోచవచ్చు కాని, ఆ తిత్తి ఏనాటికైనా చిరిగిపోయేది, ఈ దేహం పగవాళ్ళు పన్నిన వల. అయినా, ఆ వలను ఒక్కొక్క ముడి దగ్గరా ఆగి, పేరు పెట్టి లెక్కించిన రచయిత చూపులో నాకు ద్వేషం కన్నా విస్మయమే ఎక్కువగా కనిపిస్తుంది.

పరవశం దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కు మరింత బిగుస్తుంది. ‘ఐగుప్తీయుల సువార్త’గా పిలిచే గ్రంథంలో గ్రీకు అచ్చులు ఏడూ ఒక్కొక్కటి 22 సార్లు వరుసగా రాసి ఉంటాయి. ఒక రాత్రి తలుపు వేసుకుని, ఒక్కో అచ్చును ఊపిరి ఉన్నంతసేపు సాగదీసి పలికాను. మూడో అచ్చుకే గొంతు ఎండిపోయింది, నోరు మూసిన తరువాత కూడా ఎదురొమ్ములో సన్నని అదురు మిగిలింది. అదే జాడీలో దొరికిన, నిజానికి హెర్మెస్ అనే పురాణ గురువు పేరిట సాగిన వేరే సంప్రదాయానికి చెందిన మరొక సంభాషణలో గురుశిష్యులు ప్రార్థించి, అచ్చులతో స్తుతించి, ఒకరినొకరు ప్రేమతో హత్తుకుంటారు. అప్పుడే వెలుగు వారి మీదికి దిగుతుంది, ఆ తరువాతి స్తోత్రం మౌనంలో సాగుతుంది. దేహాన్ని దాటడానికి వారికి దొరికిన మెట్లు ఊపిరి, గొంతు, కౌగిలి.

మూడో శతాబ్దంలో రోము నగరంలో ప్లొటైనస్ అనే తత్వవేత్త గ్నోస్టిక్కులను గట్టిగా ఖండించాడు: ఒకే ఇంట్లో ఉంటూ ఆ ఇంటినీ, కట్టినవాడినీ తిట్టేవారితో పోల్చాడు. పోలిక చక్కనిదే. కాని ఆయన కూడా దేహంలో ఉన్నందుకు సిగ్గుపడుతున్నట్లు కనిపించేవాడని శిష్యుడు పోర్ఫిరీ రాశాడు.

ఆ పోర్ఫిరీయే ప్రస్తావించిన ‘జొస్ట్రియానొస్’ గ్రంథం కూడా నాగ్ హమ్మాదీలో దొరికింది. అందులో జొస్ట్రియానొస్ నిరాశతో, క్రూరమృగాలకు ఆహారమై పోదామని ఎడారికి వెళతాడు. దేవదూత అతణ్ణి వారించి, దేహాన్ని కిందనే విడిచిపెట్టించి, లోకం వెంట లోకం పైకి తీసుకువెళుతుంది. అన్నీ చూసిన తరువాత అతడు కిందికి దిగి, వదిలివెళ్ళిన ఆ రూపాన్నే మళ్ళీ తొడుక్కుంటాడు. అది అజ్ఞానంలో ఉంది గనుక దానికి బలం చేకూర్చి, ఆ దేహంతోనే తిరుగుతూ అందరికీ బోధించడం మొదలుపెడతాడు.