‘ఎవరి కోసం వచ్చారు?’ అని అడిగే మదాం గారు

బెల్జియంలో ఈపర్ పట్టణానికి దగ్గరలో, పాషెండేల్ పొలాల అంచున ఒక పెద్దావిడ ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన చోట్లు చూడటానికి వచ్చేవాళ్లకు తన ఇంట్లో గదులు ఇచ్చేవారు. ఊరంతా మదాం అనే పిలిచేది, నేనూ అంతే. మేడ మీద చిన్న గది నాకు నెలవారీ అద్దెకిచ్చారు. మొన్న సంక్రాంతికి నేను భీమవరం దగ్గర ఉండి ఊళ్లో మా ఇంట్లో ఉండగా, ఆవిడ పోయారని వాళ్లమ్మాయి వాట్సాప్‌లో చెప్పింది. ఆవిడ గురించి మనవాళ్లకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

నేను అక్కడికి వెళ్లింది ఫ్రీజర్ల పని మీద. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చేసేవాణ్ణి. ఆ అనుభవంతోనే అక్కడ కూరగాయలు గడ్డకట్టించి ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. రొయ్యల బదులు బఠాణీ, బీన్స్, పాలకూర. అమ్మోనియా కంప్రెసర్ల చప్పుడు మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే. నైట్ షిఫ్ట్ అయి తెల్లారి ఇల్లు చేరేసరికి మదాం గారి వంటింట్లో దీపం వెలుగుతూ, పొయ్యి మీద సూప్ వేడిగా ఉండేది. బల్ల చుట్టూ ఎవరో ఒకరు కొత్తవాళ్లు కూర్చుని ఉండేవారు.

ఆ నేల సంగతి డెల్టాలో పుట్టినవాళ్లకు త్వరగా అర్థమవుతుంది. పల్లపు భూమి, లోపలంతా బంకమట్టి. మురుగు కాలువలు సరిగా పారితేనే చేను నిలుస్తుంది. 1917 జూలై 31న అక్కడ జర్మన్ల మీద బ్రిటన్ పక్షం వాళ్ల పెద్ద దాడి మొదలైంది. దానికి ముందు వరుసగా కొన్ని రోజులపాటు 40 లక్షలకు పైగా ఫిరంగి గుళ్లు పేల్చారు. కాలువలన్నీ ఛిద్రమయ్యాయి. ఆ పైన వానలు. నీళ్లు పోయే దారి లేక పొలమంతా ఊబి అయింది. గాయపడి గుంటల్లో పడ్డవాళ్లు, కంచర గాడిదలు ఆ బురదలోనే మునిగిపోయారు. నవంబరు 10 వరకు అలాగే సాగింది. ఇప్పటికీ దుక్కి దున్నితే పేలని గుళ్లు బయటపడతాయి. రైతులు వాటిని తీసి కరెంటు స్తంభం దగ్గర పెడితే మిలిటరీ బండి వచ్చి పట్టుకుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్లు వణికాయి. పక్క చేలో రైతు మాత్రం ట్రాక్టర్ ఆపకుండా తన పని చేసుకుంటున్నాడు.

గడపలో అడుగు పెట్టినవాళ్లను మదాం అడిగే మొదటి ప్రశ్న, “ఎవరి కోసం వచ్చారు?” పాస్‌పోర్ట్ తర్వాత సంగతి. వాళ్లు తాతగారి అన్న పేరో, ముత్తాత పేరో చెబితే పెద్ద రిజిస్టర్‌లో వచ్చినవాళ్ల పేరు పక్కనే ఆ పేరు కూడా రాసేవారు. మ్యాప్ పరిచి, ఆ సైనికుడి దళం ఆ రోజు ఎక్కడ ఉందో పెన్సిల్‌తో చూపించేవారు. గుమ్మం పక్కన అన్ని సైజుల గమ్ బూట్లు కడిగి వరుసగా పెట్టి ఉండేవి, రెయిన్‌కోట్లు కూడా. దేనికీ డబ్బు తీసుకునేవారు కాదు. ఒంటరిగా వచ్చినవాళ్లను అసలు ఒంటరిగా పంపేవారు కాదు.

ఒకసారి న్యూజిలాండ్ నుంచి ఒక పాడి రైతు వచ్చాడు. వాళ్ల తాతగారి తమ్ముడు 1917 అక్టోబరు 12న పోయాడట. ఆ ఒక్క రోజే న్యూజిలాండ్ వాళ్లు 800 మందికి పైగా చనిపోయారు. సమాధి లేదు. టైన్ కాట్ శ్మశానంలో దాదాపు 12,000 సమాధులుంటే, వాటిలో 8,000కు పైగా పేరు లేనివే. గోడ మీద మాత్రం ఆ కుర్రాడి పేరు ఉంది. వానలో ఆ రైతు అక్కడే నిలబడిపోయాడు. మదాం గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఒక్క మాటా లేదు, తొందరా లేదు. నేను కారు దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. అతను తిరిగాక, “పదండి, సూప్ చల్లారిపోతుంది” అన్నారు, అంతే.

జర్మన్లు వచ్చినా అదే బల్ల, అవే పళ్లేలు. యుద్ధం అయ్యాక ఆవిడ తాతగారి కుటుంబం తిరిగొచ్చేసరికి ఊళ్లో నిలబడ్డ గోడ లేదు. అయినా లాంగెమార్క్‌లో 44,000 మంది జర్మన్ సైనికులున్న శ్మశానానికి ఆ అతిథులతో ఆవిడే వెళ్లేవారు. మర్యాదకు మా గోదావరి జిల్లాలే పెట్టింది పేరని నేను నమ్ముతాను. కొసరి కొసరి వడ్డిస్తాం, వద్దన్నా వినం. కానీ వచ్చినవాళ్లు మనసులో ఎవర్ని మోసుకొచ్చారో ముందు అడిగి, తర్వాత వడ్డించే పద్ధతి ఆవిడ దగ్గరే చూశాను. అది మనకంటే ఒక మెట్టు పైనే అంటాను.

నన్నూ అడిగారు, “మీవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని. అమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలిటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది వెళ్లారని పెద్దలు చెబుతారు. ఇప్పటికీ ఇంటికొకరైనా సైన్యంలో ఉండాలనుకునే ఊరు. ఆ మాట విన్నాక ఆవిడ ఆగలేదు. ఆ సాయంత్రమే ఈపర్‌లోని మెనిన్ గేట్ దగ్గరికి తీసుకెళ్లారు. సమాధి దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కిన కమాను అది. 1928 నుంచి రోజూ రాత్రి 8 గంటలకు అక్కడ బ్యూగిల్ ఊదుతారు. ఊదేది ఆ ఊరి ఫైర్ సర్వీస్ వాళ్లు. రెండో యుద్ధంలో జర్మన్లు ఆక్రమించినప్పుడు ఆగి, 1944 సెప్టెంబరు 6న ఊరు విడుదలైన సాయంత్రమే మళ్లీ మొదలైంది. ఆ కమాను మీద మన దేశపు సైనికుల పేర్లు ఎక్కడున్నాయో ఆవిడకు తెలుసు.

తర్వాత ఒక ఆదివారం సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌కు వెళ్లాం. 1927లో కట్టిన భారత సైనికుల స్మారకం అక్కడ ఉంది. 4,700 మందికి పైగా పేర్లు. వాళ్లలో గఢ్వాలీలు, సిక్కులు, గూర్ఖాలు ఉన్నారు. 1914 చలికాలం ముంగిట పల్చటి నూలు బట్టలతో వచ్చి దిగినవాళ్లు. మదాం ఒక్కో పేరూ పైకి చదవమన్నారు. చదవగలిగినన్ని చదివాను. మావాళ్లు కాదనిపించలేదు.

తిరిగొస్తూ 2015 పుష్కరాల సంగతి చెప్పాను. నరసాపురం వలంధర రేవులో మా నాన్న పిండాలు పెడుతూ, బంధువులతో ఆగకుండా స్నేహితుల పేర్లు, పిల్లల్లేకుండా పోయిన పక్కింటి మాస్టారి పేరు కూడా చెప్పి నీళ్లు వదిలారు. చుట్టం కానివాళ్లకూ పెట్టొచ్చా అని మదాం రెండుసార్లు అడిగారు. పెట్టొచ్చన్నాను. రిజిస్టర్‌లో మాధవరం పక్కన నరసాపురం అని కూడా రాసుకున్నారు. ఒకసారి రావాలని ఉందనేవారు. మోకాళ్లు సహకరించలేదు.

పోయారని చెప్పగానే అమ్మ, “గోత్రం మనకెందుకురా, పేరు చెప్పి వదిలితే చాలు. వచ్చే పుష్కరాల్లో మర్చిపోకు” అంది. 2027లో వస్తున్నాయిగా, సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.

గదులు మూసెయ్యడం లేదని వాళ్లమ్మాయి చెప్పింది. ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా వాళ్లు ఒక కుటుంబం వస్తున్నారు. రిజిస్టర్, వంట ఆ అమ్మాయే చూసుకుంటుంది. షిఫ్ట్ లేని రోజుల్లో కారు నేను నడుపుతానన్నాను. మ్యాప్‌లో దళాలు వెతకడం కూడా నేర్చుకోవాలి.