సెన్సార్ కాస్త జరిపితే ఇంత తేడానా!

నేను చేస్తున్న కాయిల్ గన్ (తీగచుట్టలో కరెంటు పంపి, అయస్కాంత బలంతో ఇనుప ముక్కను విసిరే పరికరం) నుంచి వెళ్లిన మేకు ముక్క ఈసారి అట్టపెట్టెను చీల్చుకుని వెనక పెట్టిన పాత దిండులో దిగబడింది. "ఏంట్రా ఆ చప్పుడు?" అంటూ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

వోల్టేజీ పెంచలేదు, కరెంటును దాచిపెట్టి ఒక్కసారిగా వదిలే కెపాసిటర్లు అవే. మార్చిందల్లా కాయిల్ ముందుండి, మేకు రాకను పసిగట్టి కరెంటును మొదలుపెట్టే ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌ని కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరపడమే. ఇనుము కాయిల్ నడిమధ్యకు వచ్చేదాకానే అయస్కాంతం ముందుకు లాగుతుంది, ఆ తర్వాత కూడా కరెంటు పారుతుంటే అదే కాయిల్ వెనక్కి గుంజేస్తుంది. ఇప్పుడు కరెంటు కాస్త ముందే మొదలై, మేకు మధ్యకు చేరేసరికి దాదాపు అయిపోతోంది.

అందరూ వోల్టేజీ పెంచెయ్ అంటారు. రెట్టింపు చేస్తే కెపాసిటర్‌లో శక్తి 4 రెట్లవుతుంది, నిజమే. కానీ ఇనుము 2 టెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) దగ్గర్లోనే సాచురేట్ అయిపోతుంది, అంటే అంతకుమించి పెద్దగా అయస్కాంతీకరణ చెందదు, ఆపైన పెంచిన కరెంటుకు తగినంత బలం రాదు, తీగ మాత్రం వేడెక్కుతుంది. పైగా ఆ కెపాసిటర్లు ప్రాణం తీయగలవు, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి మీటర్‌లో సున్నా చూశాకే నేను చెయ్యి పెడతాను.

1903లో నార్వే శాస్త్రవేత్త బిర్కెలాండ్ తన విద్యుదయస్కాంత ఫిరంగిని జనం ముందు పేల్చబోతే షార్ట్ సర్క్యూట్ అయి పెద్ద ఆర్క్ (గాల్లో విద్యుత్ మంట) లేచింది. గాల్లోని నైట్రోజన్‌తో ఎరువు తయారుచేసే ఆయన పద్ధతికి ఆ ఆర్కే దారి చూపిందంటారు. ఎంత గొప్ప విషయం కదా!

ఇక రెండో కాయిల్. మోటార్ వైండింగ్ షాపు అన్న రేపు రాగి తీగ ఇస్తానన్నాడు.