గేటు పక్కన నిలబడ్డ రోజు

2022 మార్చిలో అమెరికా కాలేజీ జట్ల మధ్య జరిగే ఎన్‌సీఏఏ స్కీయింగ్ ఛాంపియన్‌షిప్ మా యూటా యూనివర్సిటీ ఆధ్వర్యంలో జరిగింది. వాలంటీర్లు కావాలంటే పేరిచ్చాను. రాజమండ్రిలో పెరిగిన నాకు మంచు తెలిసింది సాల్ట్‌లేక్ సిటీకి వచ్చాకే. స్కీయింగ్ అంతంతమాత్రం. అందుకని పార్క్ సిటీ కొండ మీద స్లాలమ్ రేసుకి, అంటే వాలు మీద పాతిన కర్రల గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పోటీకి, ఫినిష్‌కి దగ్గర్లో, నడిచి ఎక్కగలిగేచోట నాలుగు గేట్లు అప్పజెప్పారు. రేసర్లు వాటిని సరిగ్గా దాటారో లేదో చూడటమే నా పని.

పొద్దున్నే శిక్షణ. చేతికి ఒక కార్డూ పెన్సిలూ ఇచ్చారు. చలికి పెన్ను రాయదు. రెండు స్కీల ముక్కులూ, రెండు పాదాలూ గేటు గీత దాటాలి. కర్ర మొదట్లో మడత ఉంటుంది, దెబ్బ తగలగానే వాలిపోయి మళ్లీ లేస్తుంది. స్కీ ముక్కు అవతలి పక్కనుంచి వెళ్లినా అలాగే లేస్తుంది. కాబట్టి కర్రను కాదు, ముక్కును చూడాలి. అనుమానం ఉంటే రేసర్ పక్షమే. ఎవరైనా తడబడి ఆగి అడిగితే మాత్రం వెంటనే జవాబు చెప్పాలి: సరిగ్గా దాటితే 'గో', లేకపోతే 'బ్యాక్', అంటే వెనక్కి ఎక్కి ఆ గేటు సరిగ్గా దాటాలని. అంతకుమించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

మొదటి రన్ సగం అయ్యేసరికి కాళ్లు కొయ్యబారాయి. అప్పుడొచ్చింది ఒకమ్మాయి. నా మూడో గేటు దగ్గర లోపలి స్కీ ముక్కు కర్రకి తప్పు పక్కన పడింది. నాకు స్పష్టంగా కనిపించింది. తను ఒరిగిపోయి, రెండు గజాల కింద ఆగి, నావైపు తిరిగి ఏదో అరిచింది. గుండె దడదడలాడింది. నా తప్పు వల్ల ఒకరి ఏడాది కష్టం పోకూడదు కదా! 'బ్యాక్!' అని గట్టిగా అరిచాను.

ఒక్క క్షణం కూడా విసుక్కోలేదు. స్కీలు అడ్డంగా పెట్టి, అంచులు మంచులో గుచ్చుతూ, ఒక్కో అడుగూ పైకెక్కింది. కర్ర చుట్టూ తిరిగి మళ్లీ కిందకి దూసుకుపోయింది. గెలిచే సమయం ఎప్పుడో దాటిపోయింది. అయినా ఎందుకెక్కిందో తర్వాత అర్థమైంది. ఇక్కడ అబ్బాయిలు, అమ్మాయిలు, ఆల్పైన్ (కొండ వాలు దిగే పోటీలు), నార్డిక్ (మంచు మీద దూరం వెళ్లే పోటీలు), అందరి పాయింట్లూ కలిపి ఒకే ట్రోఫీ. 1983 నుంచీ అంతే. ఒక్కో జట్టులో 12 మందికి మించి ఉండరు, కాబట్టి చివర్లో వచ్చినవాళ్ల పాయింటు కూడా జట్టుకి కావాల్సిందే. ఆ ఏడాది ట్రోఫీ మా యూటాకే వచ్చింది, చాలా సంతోషించాను. కానీ ఆ వారం తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ అమ్మాయి ఎక్కిన నాలుగడుగులే.

రెండో రన్‌లో తను మళ్లీ వచ్చింది. ఈసారి ఊపిరి బిగబట్టి చూశాను. నాలుగు గేట్లూ శుభ్రంగా దాటింది. అందరూ దిగాక కార్డు మీద 'తప్పులు లేవు' అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.