రెండు ఆవులకు అమ్మిన గుడ్డు

పిల్లల పుస్తకంలో ఇంత రక్తం ఉండొచ్చా అనే గొడవ ఈ ఎండాకాలం సెలవులంతా మా ఇంట్లో నడిచింది. కారణం ఒక డ్రాగన్ల నవల, పేరు వింగ్స్ ఆఫ్ ఫైర్. కలాం గారిది కాదండీ. కడపలో ఏ పుస్తకాల షాపులో ఈ పేరు చెప్పినా ముందు కలాం గారి ఆత్మకథే చేతిలో పెడతారు, పాపం వాళ్ల తప్పేం లేదు, పేరు అదే మరి. నేను చెప్తున్నది టుయి సదర్లాండ్ అనే అమెరికా రచయిత్రి 2012లో మొదలుపెట్టిన సిరీస్ గురించి. 2022 నాటికి అందులో 15 నవలలు వచ్చాయి. మేం పూర్తి చేసింది మొదటిది మాత్రమే, అందుకని ఈ మాటలన్నీ దాని గురించే. మలుపులన్నీ బయటపెట్టేస్తున్నా, మీ పిల్లలు ఇంకా చదవకపోతే ఈ పోస్టు వాళ్ల కంట పడనివ్వకండి.

కథ క్లుప్తంగా చెప్తాను. డ్రాగన్ల లోకంలో ఏడు తెగలు. ఎడారి డ్రాగన్ల రాణి చచ్చిపోతే ఆమె ముగ్గురు కూతుళ్లు సింహాసనం కోసం ఏళ్ల తరబడి యుద్ధం చేస్తుంటారు. ఐదు డ్రాగన్ పిల్లలు వచ్చి ఈ యుద్ధం ఆపుతాయని ఒక జోస్యం ఉంటుంది. దాన్ని నిజం చేయాలని ఒక రహస్య బృందం గుడ్లు సంపాదించి, ఆ పిల్లల్ని కొండ కింద గుహలో దాచి పెంచుతుంది. ఆరేళ్లు బయట అడుగు పెట్టకుండా పెరుగుతాయి పాపం. మనుషులు కూడా ఉంటారు గానీ ఏదో ఎలుకల్లాగా అటూ ఇటూ పరిగెత్తే చిన్న ప్రాణులుగా మాత్రమే, ఇది మా వాడికి భలే నచ్చింది.

గుహ వర్ణనలు మా పిల్లలకు ఇట్టే అర్థమయ్యాయి, ఎందుకంటే వాళ్లు బెలూం గుహలు చూసొచ్చినవాళ్లే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్లో మనల్ని తిరగనిచ్చేది సగం మాత్రమే, ఆ కాస్త దూరానికే చొక్కా తడిసిపోతుంది, ఎప్పుడు బయట పడతామా అనిపిస్తుంది. లోపల పాతాళగంగ అని సన్నని నీటి పాయ ఉంటుంది కదా. నవల్లో డ్రాగన్ పిల్లలు తప్పించుకోవడానికి భూమి కిందున్న నది దారి పట్టగానే మా వాడు పుస్తకం పక్కన పడేసి, పాతాళగంగలో దిగితే ఎక్కడ తేలతామని నన్ను పీక్కుతిన్నాడు. ఇలాంటి చోట్లు చూసిన పిల్లలకు ఫాంటసీ చదవడంలో ఒక సులువుంది. మిగతావాళ్లు ఊహించుకోవాల్సింది వీళ్లకు గుర్తొస్తుంది.

ఇక గొడవ సంగతి. మా పక్కింట్లో రిటైరైన టీచర్ సారున్నారు, ఇంటికి కొత్త పుస్తకం ఏదొచ్చినా ముందు ఆయన చూడాల్సిందే. మొదటి పేజీలు చదివి నన్ను పిలిచి, "ఇది పిల్లలకిచ్చే పుస్తకమేనామ్మా?" అన్నారు. ఆయన అడగడంలో న్యాయం లేకపోలేదు. మొదలవ్వడమే ఒక చావుతో, ఒక గుడ్డును కొండ మీంచి కిందికి పడేయడంతో మొదలవుతుంది. తర్వాత ఆకాశ డ్రాగన్ల రాణి స్కార్లెట్ ఖైదీల రెక్కలు కట్టేసి ఎత్తయిన రాతి స్తంభాల మీద నిలబెట్టి, వంతుల వారీగా గోదాలోకి దించి ఒకర్నొకరు చంపుకునేలా చేస్తుంది. అది కూడా తన పుట్టినరోజు వేడుక కోసం. సారు ఆ పేజీలకు మడత పెట్టి మరీ చూపించారు. నేను చందమామ రోజులు గుర్తుచేశాను, అందులో రాక్షసుల తలలు తెగిపడలేదా సార్ అని. అది వేరు, వాళ్లు రాక్షసులు, ఇక్కడ చచ్చేది పిల్లలకు స్నేహితుల్లాంటి వాళ్లు అన్నారు. ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ ఇంత వాదించుకున్నాక పిల్లల్ని అడిగితే, వాళ్లకు గోదా ఒక లెక్కలోకే రాలేదు. వాళ్లను కదిలించింది, ఆ రాత్రి అన్నం దగ్గర కూడా మాట్లాడుకున్నది, రెండు ఆవుల సంగతి.

క్లే అని మట్టి డ్రాగన్, కథ అంతా వాడి కళ్లతోనే నడుస్తుంది. గుహలో ఉన్నన్నాళ్లూ వాడికి ఒకటే ఆశ, బయటికెళ్లి అమ్మను చూడాలని. తనను ఎవరో ఎత్తుకొచ్చారని, అమ్మ ఇంకా వెతుకుతూనే ఉంటుందని అనుకుంటాడు. తీరా వెళ్తే ఆ తల్లి, గుడ్డును తనే ఇచ్చేశానని, బదులుగా రెండు ఆవులు తీసుకున్నానని చెప్తుంది. బాధ లేదు, సిగ్గు లేదు, పెద్ద విషయమే కాదన్నట్టు చెప్తుంది. మా ఆడపడుచు కూతురు, ప్రొద్దుటూరు నుంచి సెలవులకొచ్చింది, ఏడో తరగతి, అక్కడ పుస్తకం మూసేసి "అత్తా, నేనింక చదవను" అంది. మళ్లీ పొద్దున్నే తీసిందనుకోండి.

మా అత్తమ్మకు ఇంగ్లీషు రాదు గానీ పిల్లలు చదివిందంతా తెలుగులో చెప్తుంటే వక్క నములుతూ వినేది. ఈ ఆవుల దగ్గర మాత్రం ఆపించి, రెండుసార్లు చెప్పించుకుంది. కరువు చూసిన మనిషి. గడ్డి దొరక్క, నీళ్లు లేక, ఇంటి ఎద్దుల్ని సంతకు తోలిన రోజులు ఆమెకు బాగా తెలుసు. "ఆవుల్ని అమ్మి పిల్లోళ్లను సదివించినోళ్లను సూసినా గానీ, బిడ్డనిచ్చి ఆవుల్ని తెచ్చుకున్న తల్లిని యాడా సూల్యా" అంది. పిల్లలకు జేజి తీర్పు బాగా నచ్చింది. మా వాడు మాత్రం ఆ తల్లి వైపు వాదించాడు. మట్టి డ్రాగన్లలో తల్లులు గుడ్లు పెట్టి వదిలేస్తారంట, పొదిగిన పిల్లలే ఒకర్నొకరు పెంచుకుంటారంట, అక్కడి పద్ధతే అది జేజీ అని. ఆమె ఒప్పుకుంటే కదా.

సారు, నేను పట్టించుకోనిది ఇక్కడే ఉంది. ఈ పుస్తకంలో అసలు భయపెట్టేది రక్తం కాదు, పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే అబద్ధాలు. లెక్కేసుకుంటూ పోతే అడుగడుగునా అదే. క్లే పుట్టగానే మిగతా గుడ్ల మీద పడ్డాడని, వాడిలో హంతకుడున్నాడని పెంచినవాళ్లు నమ్మించారు. నిజానికి వాడు చేసింది లోపలున్న తోబుట్టువులు బయటికి రావడానికి గుడ్డు పగలగొట్టే ప్రయత్నం, ముందు పుట్టిన మట్టి డ్రాగన్ చేసే పని అదే. ముట్టుకుంటే కాలిపోయేంత వేడితో పుట్టిన పెరిల్ అనే అమ్మాయి డ్రాగనుంది. నల్లరాళ్లు తినకపోతే చచ్చిపోతావని చెప్పి రాణి ఆమెను తన గుప్పెట్లో పెట్టుకుంటుంది. అది కూడా పచ్చి అబద్ధం. ఇక గ్లోరీ. జోస్యంలో చెప్పిన ఆకాశ డ్రాగన్ గుడ్డు పగిలిపోతే దాని బదులు తెచ్చిన వాన డ్రాగన్ ఈమె. వాన డ్రాగన్లంటే ఎండలో పడుకుని రంగులు మార్చుకునే సోమరులని అందరి అభిప్రాయం, ఆ మాటలు వింటూనే పెరుగుతుంది. చివరికి జోస్యంలో లేని పిల్ల మనకెందుకని, ఆరేళ్లు పెంచినవాళ్లే చంపడానికి సిద్ధపడతారు. పిల్లలు గుహ వదిలి పారిపోయేది అందుకే.

మా ఆడపడుచు కూతురికి గ్లోరీ అంటే ప్రాణం. క్లేను హీరో చేయడం అన్యాయమని, గోదాలో అందర్నీ కాపాడింది గ్లోరీ నోటి నుంచి చిమ్మిన విషమే కదా అని దాని వాదన. క్లాసులో ఒకసారి వెనక బెంచీలో పడేస్తే ఏడాదంతా ఆ పేరే ఉంటుందత్తా అని మాటల్లో అనేసింది. నేనింకేం అడగలేదు.

బెంగళూరులో ఉండే మా చిన్నాయన కొడుకు తన కూతురి కోసమని కొని తనే చదివేశాడు. ఫోన్ చేసి, "అక్కా, ఇది మన సీమ కథే" అన్నాడు నవ్వుతూ. ఒక సింహాసనం, ముగ్గురు అక్కచెల్లెళ్లు, వాళ్ల వెనక చేరిన వేరే తెగలు. ఒకరి వైపు ఆకాశ డ్రాగన్లు, మట్టి డ్రాగన్లు, ఇంకొకరి వైపు సముద్రం వాళ్లు, మూడో ఆమె వైపు మంచు డ్రాగన్లు. పంచాయితీ తల్లి ఆస్తి మీద, పోయేది మాత్రం పక్క ఊరోళ్ల పిల్లలు. సినిమాల్లో సీమ అంటే సుమోలు, కత్తులే తప్ప ఈ సంగతి కనపడదు, ఎవరి కోసం ఎవరు చచ్చారో చూపించరు. క్లేకు తన సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కనిపించేసరికి వాళ్లలో ఒకరు అప్పటికే ఆ యుద్ధంలో పోయి ఉంటారు. దాని మీద రచయిత్రి పెద్దగా ఏడిపించదు, రెండు మాటలతో దాటేస్తుంది. నాకు పుస్తకం మొత్తంలో ఎక్కువ నచ్చిన చోటు అదే.

నచ్చనివీ ఉన్నాయి. గోదా భాగం బాగా సాగదీశారు, మధ్యలో నాకైతే విసుగొచ్చింది. రాణి స్కార్లెట్ ఎప్పుడూ నవ్వుతూ క్రూరంగా ఉంటుంది, ఆమె అలా ఎందుకు తయారైందో ఎక్కడా అంతు చిక్కదు, పాత సినిమాలో విలన్ లాగే. పేర్లు కూడా మొదట్లో తికమక. ముగ్గురు అక్కచెల్లెళ్లు బర్న్, బ్లిస్టర్, బ్లేజ్, అన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి, నేను కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకున్నాను. పుస్తకం మొదట్లో తెగల బొమ్మలు, మ్యాపు ఉంటాయి, తెలుగు మీడియం పిల్లలైతే వాటి దగ్గర కాస్త ఆగి మొదలుపెట్టడం మేలు. ఇంగ్లీషు మరీ కష్టం కాదు, వాక్యాలు చిన్నవే, సంభాషణలు ఎక్కువ.

2018లో దీన్నే బొమ్మల పుస్తకంగా కూడా తెచ్చారు. మా వాడికి అదే కావాలి, కొనిచ్చాను కూడా. కానీ సారు అభ్యంతరం నిజంగా వర్తించేది దానికి. అక్షరాల్లో దాటిపోయే గాయం బొమ్మలో కళ్లముందే ఉంటుంది. ఎనిమిదేళ్ల నుంచి చదవొచ్చంటారు గానీ, నన్నడిగితే పదేళ్లు నిండాకే ఇవ్వండి. అంతకన్నా చిన్నవాళ్లయితే పక్కన కూర్చుని చదివి వినిపించండి, ఆవుల దగ్గర ఎలాగూ ఆపి మాట్లాడాల్సి వస్తుంది.

మొదటి ఐదు నవలల్లో ఒక్కోటి ఒక్కో డ్రాగన్ పిల్ల కళ్లతో సాగుతుంది. రెండోది సముద్ర డ్రాగన్ సునామీది, గ్లోరీ వంతు మూడోది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా ఆడపడుచు కూతురు రెండోది వద్దు, నేరుగా మూడోది తెప్పించు అని పట్టు పట్టింది. వరస తప్పితే ఏమీ అర్థం కాదే అన్నా వినలేదు. ఆర్డర్ పెట్టేశాను, ప్రొద్దుటూరు అడ్రసుకే.